మైలవరం పైన గాలి లెక్క

ఉపగ్రహం తీసిన ఫొటోలో మైలవరం జలాశయం నీళ్లు ఉన్నదానికంటే తెల్లగా పడతాయి. జమ్మలమడుగు చుట్టుపక్కల సున్నపురాయి గనుల దగ్గర పోసిన తెల్లదిబ్బలు ఉన్నదానికంటే నల్లగా పడతాయి. ఈ రెండింటికీ నడుమ ఛాయలో ఉండే దున్నని బీడు మాత్రం దాదాపు ఉన్నది ఉన్నట్టే వస్తుంది. మూడింటి మీదా ఉన్నది ఒకే గాలి, ఫొటో తీసింది ఒకే కెమెరా, ఎండ కూడా ఒకటే. మరి ఒకదాన్ని తెల్లబరిచి, ఇంకొకదాన్ని నల్లబరిచి, మూడోదాని జోలికి పోకుండా వదిలేసింది ఎవరు?

గాలే. అది ఒకేసారి రెండు పనులు చేస్తుంది. సూర్యుడి వెలుగులో కొంత నేలను తాకకుండానే గాలిలో చెదిరి, నేరుగా పైకి తిరిగి కెమెరాలో పడుతుంది. కింద ఏమున్నా సరే, ఈ వాటా అలాగే కలుస్తుంది. రెండో పని తీసివేత. నేల నుంచి పైకి వెళ్లే వెలుగులో కొంత దారిలోనే చెదిరిపోతుంది, కొంత ఇంకిపోతుంది. నల్లటి నీళ్ల నుంచి వచ్చే వెలుగే తక్కువ కాబట్టి తీసివేతకు దొరికేది తక్కువ. కలిపినదే పైచేయి అవుతుంది. తెల్లదిబ్బల దగ్గర తీసివేతది పైచేయి.

అంకెల్లో చూద్దాం. ఎరుపు వెలుగులో, ఓ మోస్తరు మసకగాలి ఉన్న రోజుకు తగినట్టు నేను ఎంచుకున్న విలువలు ఇవి: గాలి తనంతట తాను కలిపే వాటా నూటికి 4, రానూపోనూ దాటగలిగే వెలుగు నూటికి 80, వాయువులు పీల్చగా మిగిలేది నూటికి 96. నిజంగా నూటికి 3 వంతుల వెలుగే తిప్పికొట్టే నీళ్లు ఉపగ్రహానికి 6 వంతులుగా కనిపిస్తాయి, అంటే రెట్టింపు. 20 వంతులు తిప్పికొట్టే బీడు 19.5గా కనిపిస్తుంది. 40 వంతుల తెల్లదిబ్బ 36కు దిగుతుంది. బీడు గురించి గాలి నిజం చెప్పిందనుకోవద్దు. అక్కడ రెండు అబద్ధాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, అంతే.

ఈ లెక్కను తిరగేసి, ఉపగ్రహానికి కనిపించిన అంకె నుంచి నేల మీది అసలు అంకెను రాబట్టే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. వాటిలో నేను ఎక్కువ ఇష్టపడేది 6ఎస్. 1980ల్లో ఫ్రాన్స్‌లోని లీల్ విశ్వవిద్యాలయం వాతావరణ దృశాశాస్త్ర ప్రయోగశాలలో పుట్టిన 5ఎస్‌కు ఇది తమ్ముడు. ఎరిక్ వెర్మోట్, డిడియే టాన్రే, వాళ్ల సహచరులు 1997లో దీన్ని వ్యాసంగా ప్రకటించారు. ఫోర్ట్రాన్‌లో రాసిన కోడు, బయటి హంగులేమీ లేవు. ఒక ఫైలులో అంకెలు వరసగా ఇస్తే, ఇంకో ఫైలులో అంకెలు వరసగా వస్తాయి. అయినా మోడిస్ ఉపగ్రహ పరికరం రోజూ ఇచ్చే భూతల పరావర్తన చిత్రాల వెనక, లాండ్‌శాట్ 8 చిత్రాల శుద్ధి వెనక ఉన్నది ఈ కుటుంబపు కోడే.

దీని ఫలితాల పట్టిక చదవడమే ఒక సుఖం. నేల మీద పడే వెలుగును అది మూడు పద్దులుగా విడగొట్టి రాస్తుంది: సూర్యుడి నుంచి నేరుగా వచ్చింది, ఆకాశంలో చెదిరి వచ్చింది, పరిసరాల నుంచి వచ్చింది. ఉపగ్రహానికి చేరే వెలుగునూ మూడు పద్దులుగానే రాస్తుంది: గాలి సొంతంగా పంపింది, చుట్టుపక్కల నేల నుంచి వచ్చింది, మనం చూడదలచుకున్న చోటు నుంచి వచ్చింది. రాక మూడు, పోక మూడు. మంచి గుమాస్తా రాసిన చిట్టాలా ఎవరి బాకీ ఎంతో వేలు పెట్టి చూపించవచ్చు.

మొదటి చిట్టాలో ఉన్న ఆ మూడో పద్దు దగ్గర కాస్త ఆగాలి. నేల మీద పడే వెలుగులో పరిసరాల వాటా ఏమిటి? నేల తిప్పికొట్టిన వెలుగులో కొంత గాలికి తగిలి మళ్లీ కిందికే వస్తుంది. నేల దాన్నీ తిప్పికొడుతుంది. అందులో ఇంకొంత మళ్లీ దిగుతుంది. ఈ ఆటకు అంతు లేదు. కానీ ప్రతి విడతకూ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది కాబట్టి, ఇంటర్మీడియట్‌లో చదివిన గుణశ్రేణి మొత్తంతో ఒక్క భాగహారంలో తేలిపోతుంది. నేల పరావర్తనాన్నీ, గాలి కిందినుంచి వచ్చే వెలుగును తిప్పికొట్టే గుణాన్నీ గుణించి, ఒకటిలోంచి తీసేసి, దానితో భాగిస్తే చాలు. పైన చెప్పిన తెల్లదిబ్బ విషయంలో ఇది నాలుగు శాతం వెలుగును అదనంగా కలిపింది. నీళ్ల విషయంలో అర శాతం కూడా కలపలేదు. అంతులేని ఒక ప్రక్రియను భాగహారంలో కూర్చోబెట్టడం 6ఎస్ కనిపెట్టినది కాదు, పాత విద్యే. కానీ దాన్ని మొత్తం నిర్మాణానికి నడుం దూలంగా వాడుకున్న తీరు బాగుంటుంది.

అసలు ఈ విద్యకు పెద్ద గ్రంథం మనవాడిదే. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ నక్షత్రాల వాతావరణాల కోసం మొదలుపెట్టి, వెలుగు ఒక పొరలో పదేపదే చెదురుతూ ఎలా ప్రయాణిస్తుందో సమీకరణాలకు ఎక్కించి, 1950లో 'రేడియేటివ్ ట్రాన్స్‌ఫర్' పుస్తకం ప్రచురించాడు. 6ఎస్‌లో గాలి అణువుల వల్ల వచ్చే వెలుగును లెక్కకట్టే చిన్న భాగం పేరు 'చాంద్'. ఆ పేరు ఎవరిని తలపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

తెలుగునేల వాటా కూడా ఉంది. రామన్ కలకత్తా బృందంలో పనిచేసి, తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన సూరి భగవంతం వెలుగు చెదరడం మీద, రామన్ ఫలితం మీద రాసిన ఇంగ్లీషు పుస్తకాన్ని 1940లో వాల్తేరు నుంచి ఆ విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. అణువులు గుండ్రటి బంతులు కావు. అందుకే అవి చెదరగొట్టిన వెలుగు పూర్తిగా ధ్రువణం చెందదు. ఆ తరం భౌతిక శాస్త్రవేత్తలు ఇలాంటి కొలతల మీద ఏళ్ల తరబడి కూర్చున్నారు. ఈనాటి 6ఎస్‌లో ఆ గుణం 0.0279 అనే ఒక్క అంకెగా, నత్రజని, ఆక్సిజన్ అణువుల కోలతనానికి గుర్తుగా నిలిచి ఉంది. దాన్ని సున్నా చేస్తే గాలి చెదరగొట్టే వెలుగు లెక్క నాలుగైదు శాతం తగ్గిపోతుంది. చిన్న అంకె, పెద్ద మాట.

ఇక పనితనంలోకి దిగుదాం. ఎర్రగుంట్ల వైపు నాపరాయి పాలిష్ పట్టేవాళ్లు బండకు పైముఖమే నునుపు చేస్తారు. కిందిముఖం గరుకుగానే ఉంచుతారు. సిమెంటు పట్టాలంటే గరుకే మేలు. 6ఎస్ రాసినవాళ్లకు తెలిసిన విద్య సరిగ్గా ఇదే. ఎక్కడ చెమటోడ్చాలో, ఎక్కడ గరుకుగా వదిలేయాలో వాళ్లు ముందే తేల్చుకున్నారు.

వాయువుల సంగతి చూడండి. నీటి ఆవిరి, ఓజోన్, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ వెలుగును పీల్చే తీరు తరంగదైర్ఘ్యంతో పాటు తటాలున మారిపోతుంది. ఒకచోట గాలి గాజులా ఉంటుంది, పక్కనే గోడలా ఉంటుంది. అందుకని 6ఎస్ వాయువుల శోషణను 2.5 నానోమీటర్ల చిన్న అంగలతో, 0.25 మైక్రోమీటర్ల నుంచి 4 మైక్రోమీటర్ల దాకా నడిచి లెక్క పెడుతుంది. ధూళి, అణువుల వల్ల వెలుగు చెదరడం అలా కాదు. అది తరంగదైర్ఘ్యంతో నెమ్మదిగా, నునుపుగా మారుతుంది. కానీ లెక్క మాత్రం దానిదే బరువు. అందుకే 1997 కోడులో ఆ బరువైన లెక్కను పదంటే పది తరంగదైర్ఘ్యాల దగ్గరే చేశారు. నీలం అంచున 400 నానోమీటర్ల దగ్గర ఒకటి, ఆకుపచ్చలో 550 దగ్గర ఒకటి, సమీప పరారుణంలో 860 దగ్గర ఒకటి, అలా. నడుమ విలువలు అంతర్వేశనంతో వస్తాయి. తటాలున మారేదానికి చిన్న అంగలు, నింపాదిగా మారేదానికి పెద్ద అంగలు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ కంప్యూటరు శక్తి కొద్దిగా ఉన్న రోజుల్లో, రెంటికీ ఒకే అంగ వేసి రాత్రంతా యంత్రాన్ని తిప్పినవాళ్లకు ఈ విలువ తెలుస్తుంది.

వెలుగు చెదరడాన్ని లెక్కపెట్టే పద్ధతీ అంతే. మొదట ఒక్కసారి చెదిరిన వెలుగు ఎంతో చూస్తుంది. దాని నుంచి రెండుసార్లు చెదిరినది, దాని నుంచి మూడుసార్లు చెదిరినది, అలా విడత విడతకూ కూడుకుంటూ పోతుంది. కొన్ని విడతల తర్వాత ఒక విడతకూ తర్వాతి విడతకూ నిష్పత్తి స్థిరపడిందా అని చూసుకుంటుంది. స్థిరపడితే ఇక ఒక్కొక్కటీ లెక్కపెట్టదు. మళ్లీ అదే గుణశ్రేణి సూత్రంతో మిగతా అన్ని విడతలనూ ఒకే దెబ్బకు కలిపేసి బయటపడుతుంది. కోడు చదువుతూ ఆ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడు నాకు నవ్వొచ్చింది.

నాకు అన్నింటికన్నా నచ్చింది నీటి ఆవిరికి వాళ్లు చేసిన ఏర్పాటు. లెక్క సులువు కావాలంటే పీల్చడాన్నీ చెదరగొట్టడాన్నీ విడివిడిగా లెక్కవేసి గుణించాలి. ఓజోన్ విషయంలో ఇది చెల్లుతుంది. ఓజోన్ ఎక్కువ భాగం చాలా పైన ఉంటుంది. ధూళి కింద ఉంటుంది. ఇద్దరికీ పేచీ లేదు. నీటి ఆవిరి అలా కాదు. అదీ, ధూళీ రెండూ కింది రెండు మూడు కిలోమీటర్లలోనే కాపురం. ధూళికి తగిలి వెనక్కి తిరిగిన వెలుగు నేల దాకా రాలేదు కాబట్టి ఆవిరి మొత్తాన్నీ దాటలేదు, కొంతే దాటింది. ఎంత? ఖచ్చితంగా తేల్చాలంటే లెక్క మొదటికి వస్తుంది. 6ఎస్ వాళ్లు ఆవిరి మొత్తం ధూళికి పైన ఉంటే ఏమవుతుంది, కింద ఉంటే ఏమవుతుంది అని రెండు కొసలూ చూసి, నడుమ దారి పట్టారు: ధూళి నుంచి వచ్చిన వెలుగు సగం ఆవిరిని దాటిందనుకోవాలి, అణువుల నుంచి వచ్చినది ఆవిరి బాధ లేకుండా వచ్చిందనుకోవాలి, నేల నుంచి వచ్చినది మొత్తం ఆవిరినీ దాటిందనుకోవాలి. మూడు వెలుగులకు మూడు తీర్పులు. చూడ్డానికి పల్లెటూరి పంచాయితీలా ఉన్నా, భౌతిక శాస్త్రం ఎక్కడా చెడలేదు.

పొరల విషయంలో మాత్రం మరీ సాదాగా పోయారు. పైకి పోయేకొద్దీ అణువులు 8 కిలోమీటర్ల కొలతతో, ధూళి 2 కిలోమీటర్ల కొలతతో పలచబడతాయని తీసుకున్నారు. రాయలసీమ వేసవిలో మధ్యాహ్నం వేడికి లేచిన దుమ్ము 2 కిలోమీటర్ల కొలతకు ఒదిగి కూర్చోదు. తిరుపతి దారిలో గాదంకి దగ్గర ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1998 నుంచి జపాన్ సహకారంతో నడిచిన లైడార్, 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ స్పందనలను ఆకాశంలోకి వదిలి, ఏ ఎత్తులో ఎంత ధూళి ఉందో తిరిగొచ్చే వెలుగుతో చెప్పేది. అలాంటి లైడార్ల గీతలు చూస్తే ధూళి పొరలు పొరలుగా తేలుతూ ఉంటుంది తప్ప పుస్తకంలోని వంపులా దిగదు. అయితే పైనుంచి చూసే ఉపగ్రహానికి ధూళి మొత్తం ఎంతన్నది ముఖ్యం. ఏ ఎత్తులో ఉందన్నది నీలం కొసన, మసి ఎక్కువున్న గాలిలో తప్ప పెద్దగా అడ్డు రాదు. గరుకుగా వదిలేసిన ముఖం ఇదే. వదిలేసింది సరైన చోటనే అంటాను.

ఇప్పుడు మళ్లీ జలాశయం దగ్గరికి. పెన్న మీద సుమారు 10 టీఎంసీల మైలవరం, దానికి ఎగువన గండికోట జలాశయం. మైలవరంలో నీళ్లున్న మేర పెద్దదే అయినా సముద్రం కాదు. ఎటు చూసినా కొంత దూరంలో ఒడ్డు ఉంది. ఆ ఒడ్డున లేతరంగు నేల, రాళ్లు, బీళ్లు ఉన్నాయి. నేల నుంచి లేచిన వెలుగులో కొంత, జలాశయం మీది గాలికి తగిలి, జలాశయం నుంచే వచ్చినట్టు కెమెరాలో పడుతుంది. నీటి చుక్కను చూస్తున్నామనుకుంటూ ఒడ్డునూ కొంత చూస్తున్నామన్నమాట. దీన్ని 6ఎస్ పట్టించుకుంటుంది. చూస్తున్న చోటుకు ఒక పరావర్తనం, చుట్టూ ఉన్నదానికి ఇంకొకటి, చోటు వ్యాసార్ధం ఎంతో చెబితే, ఎంత దూరం నుంచి ఎంత వెలుగు దొంగతనంగా వస్తుందో ఒక ప్రమేయంతో లెక్కేస్తుంది. అణువులు ఎక్కువ దూరం నుంచి, ధూళి కొద్ది దూరం నుంచి ఈ వెలుగును మోసుకొస్తాయి. అణువులు ఎత్తులో ఉండటం, ధూళి నేలకు దగ్గరగా ఉండటమే కారణం.

నీళ్లకు ఇది ప్రాణసంకటం. ఉపగ్రహం దాకా వచ్చే వెలుగులో, తేటనీటి విషయంలో నూటికి 80, 90 వంతులు గాలి నుంచి వచ్చినదే. నీరు చెప్పేది మిగిలిన పది ఇరవైలో ఉంటుంది. ఒండ్రు ఎంత, నాచు ఎంత అని తేల్చాలంటే ఆ పదిలో మళ్లీ తేడాలు పట్టాలి. సముద్రం మీద పనిచేసేవాళ్లకు ఒక సులువు ఉంది. సమీప పరారుణంలో సముద్రం దాదాపు నల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ కనిపించినదంతా గాలిదే అని పట్టుకుని, దాని నుంచి మిగతా రంగులకు గాలి లెక్క కట్టేస్తారు. ఎగువనుంచి నీళ్లు వదిలినప్పుడు ఎర్రగా తిరిగే మైలవరం నీటికి ఆ ఉపాయం పనికిరాదు. ఒండ్రు పరారుణంలో కూడా మెరుస్తుంది. ఆ మెరుపును గాలి ఖాతాలో రాసేస్తే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

పైర్లకూ ఇదే గొడవ, కాకపోతే వేరే రూపంలో. జమ్మలమడుగు నల్లరేగడిలో రబీకి శనగ వేస్తారు. పచ్చటి పైరు ఎరుపులో 5 వంతులు, సమీప పరారుణంలో 40 వంతులు తిప్పికొడుతుందనుకుందాం. ఈ రెండింటి తేడాను మొత్తంతో భాగిస్తే వచ్చే పచ్చదనపు సూచిక 0.78. ఇందాక చెప్పిన గాలిలోంచే చూస్తే ఎరుపు 5 నుంచి దాదాపు 8కి పెరుగుతుంది. పరారుణం ఆవిరి పీల్చడం వల్ల 35 దరిదాపులకు దిగుతుంది. సూచిక 0.64కు పడిపోతుంది. పైరు అలాగే ఉంది, గాలి మారింది. ఒక వారం మసకగాలి, మరో వారం తేటగాలి ఉంటే పైరు ఎండి మళ్లీ పచ్చబడినట్టు చిత్రాలు చెబుతాయి. పంట దిగుబడి అంచనాలకూ, కరువు ప్రకటనలకూ ఇవే చిత్రాలు ఆధారం అవుతున్నప్పుడు ఈ 0.14 చిన్న విషయం కాదు.

మన రిసోర్స్‌శాట్-2లోని ఎవైఫ్స్ కెమెరా విషయానికి వస్తే ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ. 2011 ఏప్రిల్ 20న పైకెళ్లిన ఆ ఉపగ్రహం 740 కిలోమీటర్ల వెడల్పు పట్టీని 56 మీటర్ల వివరంతో తీస్తుంది. హైదరాబాదు జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి చెందిన షాద్‌నగర్ స్టేషనులో ఆ చిత్రాలు దిగుతాయి. పంటల పనికి ఇంత వెడల్పు వరం. కానీ దానికి నాలుగే రంగులు: ఆకుపచ్చ, ఎరుపు, సమీప పరారుణం, 1.6 మైక్రోమీటర్ల దగ్గర ఒకటి. గాలి తన గుట్టు ఎక్కువగా విప్పేది నీలంలో, నీలం లేదు. ఆవిరిని గుర్తుపట్టే రంగూ లేదు. కెమెరా తన కళ్ల ముందున్న గాలిని తానే కొలుచుకోలేదు కాబట్టి ధూళి, ఆవిరి, ఓజోన్ విలువలు బయట నుంచి తెచ్చి ఇవ్వాలి. అహ్మదాబాదు అంతరిక్ష అనువర్తన కేంద్రం వాళ్లు 2015లో ప్రకటించిన పద్ధతి ఇందుకే పుట్టింది. ప్రతి చుక్కకూ 6ఎస్ నడిపితే ఏళ్లు పడుతుంది కనక, ముందే 6ఎస్‌ను రకరకాల గాలులకు, సూర్యకోణాలకు నడిపి, ఆ ఫలితాలకు సరిపోయే చిన్న సూత్రాలు తయారుచేసుకుని, వాటితో చిత్రమంతా శుద్ధిచేశారు. లీల్‌లో చెక్కిన పనిముట్టుతో అహ్మదాబాదులో ఇంకో పనిముట్టు చేశారన్నమాట.

బయట నుంచి తెచ్చే ఆ ధూళి అంకె ఎక్కడిది? ఇక్కడే మొత్తం నిర్మాణం ఒక సన్నటి కాలు మీద నిలబడి ఉంది. 550 నానోమీటర్ల దగ్గర ధూళి మందం, అంటే ధూళి వెలుగును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, 0.1 అటూఇటూ అయితే, నల్లటి నేల పరావర్తనంలో దాదాపు ఒక వంతు తప్పుతుంది. 3 వంతులు తిప్పికొట్టే నీళ్లకు ఒక వంతు తప్పంటే ఇంకేముంది. కోడులో ఎంత సొగసున్నా ఈ ఒక్క అంకె చెడితే అంతా చెడుతుంది.

అదృష్టం, మైలవరానికి చుట్టుపక్కల ఈ అంకెను కొలిచినవాళ్లు ఉన్నారు. పడమట దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఇస్రో ధూళి పరిశీలన కేంద్రాల వరసలో ఒకటి. ఆగ్నేయాన కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో గాలిలోని మసి కొలతలు జరిగాయి. అనంతపురంలో వాడిన బహుళ తరంగదైర్ఘ్య రేడియోమీటర్ సూర్యుడి వైపు చూస్తూ పది రంగుల్లో నేరు వెలుగు కొలుస్తుంది. దాని కిటుకు లాంగ్లీ పద్ధతి. పొద్దు కిందుగా ఉన్నప్పుడు వెలుగు ఎక్కువ గాలి దాటి వస్తుంది, పైకి వచ్చేకొద్దీ తక్కువ గాలి దాటుతుంది. ఉదయం నుంచి ఒక్కో కోణంలో కొలత తీసుకుని, కొలత లాగరిథాన్ని దాటిన గాలికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలు గాలి మందాన్ని చెబుతుంది. రేఖను గాలి సున్నా అయ్యేచోటికి వెనక్కి పొడిగిస్తే, వాతావరణం బయట నిలబడి చూస్తే పరికరం ఏం చదివేదో తేలుతుంది. ఎవరూ పైకి పోనక్కర్లేదు. అణువుల వాటా తీసేస్తే మిగిలేది ధూళి. నీలంలో ఎక్కువ, ఎరుపులో తక్కువ అయితే సన్నటి పొగ. రెంటిలో దాదాపు సమానమైతే ముతక దుమ్ము.

మైలవరం దగ్గర ఈ రెండూ కలుస్తాయి. ముద్దనూరు పక్కన 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, గనుల దుమ్ము, వేసవి బీళ్ల దుమ్ము. 6ఎస్‌లో సిద్ధంగా ఉన్న ధూళి నమూనాలు ఇందుకు చాలవు. ఖండీయ నమూనాలో ఘనపరిమాణం ప్రకారం 70 శాతం దుమ్ము, 29 శాతం నీటిలో కరిగేది, 1 శాతం మసి. పట్టణ నమూనాలో 17, 61, 22. మన గాలి రెంటికీ చెందదు, రుతువు రుతువుకూ మారుతుంది. కోడు రాసినవాళ్లు ఇది ఊహించి, నాలుగు దినుసుల పాళ్లు మనమే పెట్టుకునే వీలు ఇచ్చారు. పాళ్లు ఎవరు చెప్పాలి? అనంతపురం, కడప కొలతల్లాంటివే చెప్పాలి. నా దృష్టిలో రాయలసీమకు తగిన ధూళి నమూనా కట్టడం, ఇంకో కోడు రాయడం కంటే గొప్ప పని.

ఇదే లెక్కకు మైలవరంలో ఇంకో గిరాకీ ఉంది. ఈ మండలంలోనే 1000 మెగావాట్ల కడప సౌర పార్కు తలపెట్టారు. అందులో 250 మెగావాట్లు 2020 మొదట్లో మొదలయ్యాయి. పలకలకు కావలసింది 6ఎస్ మొదటి చిట్టా: నేరుగా ఎంత, చెదిరి ఎంత. మసకగాలి ఉన్న రోజు నేరు వెలుగు బాగా పడిపోతుంది. కానీ చెదిరిన వెలుగులో ఎక్కువ భాగం ముందుకే, అంటే కిందికే వస్తుంది కాబట్టి పలకలు కళ్లకు కనిపించినంత నష్టపోవు. అద్దాలతో ఎండను ఒకచోటికి చేర్చే పద్ధతికి అలా కాదు. దానికి నేరు వెలుగే కావాలి. మైలవరం 14.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనక పొద్దు ఏటా రెండుసార్లు, ఏప్రిల్ ఆఖరున, మళ్లీ ఆగస్టు రెండో వారంలో నడినెత్తికి వస్తుంది. మొదటిసారి దుమ్ము కాలం, రెండోసారి ఆవిరి కాలం. ఒకే ఎండకు రెండు వేర్వేరు చిట్టాలు.

పొగిడాను కాబట్టి లోటూ చెప్పాలి. 6ఎస్ లోకం చదునుగా ఉంటుంది. నేల బల్లపరుపు, గాలి దాని మీద పరిచిన పొరలు. పొద్దు బాగా వాలినప్పుడు భూమి వంపు అడ్డొచ్చి లెక్క నమ్మకం తగ్గుతుంది. గండికోట దగ్గర పెన్న రాతిని నిలువునా కోసుకుపోయిన లోయలో ఒక గట్టు నీడలో ఉంటే ఎదుటి గట్టు ఎండలో ఉంటుంది. నీడ గట్టుకు ఎదుటి గట్టు నుంచి ఎర్రటి వెలుగు తగులుతుంది. ఇదేదీ 6ఎస్‌కు తెలియదు. దాన్ని వాలు దిద్దుబాట్లతో విడిగా కలుపుకోవలసిందే. మొదటి రూపంలో ధ్రువణం లెక్క కూడా లేదు. కొట్చెనోవా, వెర్మోట్ 2006లో దాన్ని కలిపి పరీక్షించి చూస్తే, ధ్రువణం వదిలేయడం వల్ల అణువుల గాలిలో 10 శాతానికి పైగా తప్పు పడుతున్న సందర్భాలు బయటపడ్డాయి. ఇప్పుడు వాడుకలో ఉన్నది ధ్రువణం కలిపిన ఆ కొత్త కోడే.

కోడు ఉచితం. పైథాన్‌లోంచి దాన్ని పిలిచే ఏర్పాటు కూడా ఉంది కాబట్టి ప్రొద్దుటూరు డిగ్రీ కాలేజీ కుర్రాడు మామూలు లాప్‌టాప్‌లో దీన్ని నడపవచ్చు. ఫోర్ట్రాన్ ఫైలు నేరుగా రాసేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. ఎత్తులు ఇందులో రుణ సంఖ్యలుగా ఇవ్వాలి. ఉపగ్రహమైతే -1000 అని రాయాలి. మైలవరం నేల సముద్ర మట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున ఉంది, అందుకని -0.2 అని రాయాలి. గుర్తు మరిచి 0.2 అని రాస్తే కోడు తప్పు చూపించదు. జమ్మలమడుగును సముద్రపు ఒడ్డుకు దించేసి, రెండు శాతం ఎక్కువ గాలి కలిపి, తన చిట్టా తాను రాసుకుపోతుంది.